పందెపు సొమ్ముకు లెక్క చెప్పువారెవరు?

రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నము ప్రక్కనున్న మంచాల మండలమున, ఆరుట్ల గ్రామ సమీపములో, బుగ్గ రామలింగేశ్వరుని సన్నిధిని కార్తిక మాసమున జాతర జరుగును. జాతర యనగా దర్శనము, గాజుల అంగళ్లు, మిఠాయి దుకాణములు, రంగులరాట్నము. ఏ జాతరలోనైనను ఒక మూల రింగులు విసరు ఆట కూడ నుండును. పది రూపాయలిచ్చి మూడు రింగులు తీసికొని, పడిన వస్తువును పట్టుకొని పొమ్మని ఆడించువాడు కేకలు వేయుచుండును. మనుమని చేయి పట్టుకొని ఆ గుంపు ప్రక్కగా నడచు అవ్వ అడుగు ప్రశ్న ఒక్కటే: “ఆడినోళ్లకు వస్తదో పోతదో గాని బిడ్డా, ఆడించెటోనికి ఏం మిగుల్తది?”

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినను మిక్కిలి బరువైనది. డబ్బు పెట్టి ఆడు ఆటలో న్యాయమున్నదా లేదా యని తెలిసికొనుటకు ఆడువాని నేర్పు కంటె ముందుగా ఆడించువాని లెక్కను చూడవలెను. జాతరలో రింగులవాని బల్ల అందరి కంటి ఎదుట నుండును. రింగు ఎంత, సబ్బుబిళ్ల ఎంత యని చిన్నపిల్లవాడు సైతము అంచనా వేయగలడు. ఎందరు ఓడిరో, ఎందరు గెలిచిరో ప్రక్కన నిలువబడి లెక్కింపవచ్చును. మోసము జరిగినచో ఆడించువానిని నిలదీయవచ్చును. వాడు మరునాడును అక్కడనే దొరకును. చేతి ఫోనులో సాగు పందెపు ఆటలో ఈ మూడును లేవు. బల్ల కనబడదు. ఎదుట కూర్చున్నవాడు కనబడడు. ఆడించువాని ఊరు పేరు తెలియదు.

మంచాల, ఆరుట్ల, లోయపల్లి, జాపాల వంటి గ్రామముల నుండి ఇబ్రహీంపట్నమునకును, అచటి నుండి హైదరాబాదునకును చదువులకు, కూలిపనులకు, కొలువులకు యువకులు నిత్యము పోయి వచ్చుచుందురు. బస్సులో గంటకు మించిన ప్రయాణము. చేతిలో ఫోను, ఖాతాలో తండ్రి పాలు పోసిన డబ్బు. పూర్వము పేకాటకు చెట్టునీడ, నలుగురు మనుషులు, కొంత చాటు కావలసియుండెను. ఊరివారెవరో చూతురను భయము కొంత కాపాడెడిది. ఇప్పుడు ఆ భయమునకు తావు లేదు. ప్రక్క సీటులోని వానికి సైతము ఏమి జరుగుచున్నదో తెలియదు.

ఈ విషయములో సుప్రీంకోర్టు వరకు పోయిన ఒక ముఖ్యమైన కేసు మన ప్రాంతము నుండియే బయలుదేరినదని చాలమందికి తెలియదు. 1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసిరి. అచట డబ్బుకు రమ్మీ ఆడుచుండిరి. నాడు అమలులో నున్న నిజాము కాలపు హైదరాబాదు జూద నిషేధ చట్టము క్రింద వారికి శిక్ష పడెను. హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. ప్రభుత్వము సుప్రీంకోర్టుకు పోయెను. 1967 నవంబరులో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పుచు, రమ్మీ మూడుముక్కలాట వలె కేవలము అదృష్టముపై నడచునది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, దేనిని ఉంచుకొని దేనిని విడువవలెనో ఎరుగుట అను నేర్పు అందులో ప్రధానమనియు నిర్ణయించెను. ప్రభుత్వ అప్పీలు వీగిపోయెను.

ఆ తీర్పులో ఈ సగమునే లోకము కంఠస్థము చేసినది. రెండవ సగము మరుగున పడినది. క్లబ్బువారు తీసికొనుచున్న రుసుమును కూడ న్యాయమూర్తులు పరిశీలించిరి. పేకలకు, వసతికి తగుమాత్రపు రుసుము తీసికొనుట లాభము కాదనిరి. అయితే, పందెము కాచి ఆడు ఆట నుండి ఇంటి యజమాని గాని క్లబ్బు యజమాని గాని లాభము పొందుచున్నట్లు సాక్ష్యమున్నచో, ఆట నేర్పుదైనను, నేరము నిలువవచ్చునని స్పష్టముగా వ్రాసిరి. అనగా అవ్వ వేసిన ప్రశ్ననే దేశపు అత్యున్నత న్యాయస్థానము వేసినది. తరువాత అర్ధశతాబ్ది కాలము వకీళ్లు “నేర్పా, అదృష్టమా” యని వాదించుకొనిరి గాని, “ఆడించువానికి మిగులునది ఎంత, ఆ లెక్క ఎవరు చూచిరి” యని అడిగినవారు తక్కువ.

ఆ లెక్కను ఇచట ఒకసారి వేసి చూచుట మంచిది. ఇంటిలో పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని పలకపై వేయదగిన లెక్క యిది. ఆన్‌లైన్‌లో రమ్మీ నడిపిన సంస్థలు పందెపు మొత్తములో సాధారణముగా నూటికి పది మొదలు పదిహేను వరకు తమకు కోసికొనుచుండెను. నూటికి పదిహేను అనుకొనుడు. ఆరుగురు సమానమైన నేర్పు గలవారు, ఒక్కొక్కరు వేయి రూపాయలతో ఆటకు కూర్చుండిరి. మొత్తము 6,000. ఆటకు ఒక్కొక్కరు 100 పెట్టుదురు. బల్లపై 600 చేరును. సంస్థ 90 తీసికొనును. గెలిచినవానికి 510 వచ్చును. గెలిచినవానికి చేతిలో పడిన 510 కనబడును గాని, పోయిన 90 కనబడదు.

పన్నెండు ఆటలు జరిగినవి. నేర్పు సమానము గనుక ఒక్కొక్కరు రెండేసి ఆటలు గెలిచిరి. ఒక్కొక్కరు పెట్టినది 1,200, వచ్చినది 1,020. ఎవరును ఎవరిని ఓడింపలేదు, అయినను ప్రతివాడును 180 పోగొట్టుకొనెను. అరువదియారు ఆటలు జరిగినవి. ఒక్కొక్కరు పదునొకండు ఆటలు గెలిచిరి. పెట్టినది 6,600, వచ్చినది 5,610. నష్టము 990. జేబులో మిగిలినది పది రూపాయలు. ఆరుగురి 6,000లో 5,940 ఆడించువాని ఖాతాలో చేరినది. ఆటకు అయిదు నిమిషముల చొప్పున ఇదంతయు అయిదున్నర గంటల పని, అనగా ఒక రాత్రి. ఇందులో మోసమేమియు లేదు. పేకలు సక్రమముగానే కలిసినవి, గెలుపులు న్యాయముగానే పంచబడినవి. కోత ఒక్కటియే అంత పని చేసినది.

నేర్పరి గెలువడా యని అడుగవచ్చును. గెలువవచ్చును. కాని అతడు తోటివారిని మించుటయే చాలదు. ఆ పదిహేను వంతులను కూడ మించవలెను. మిగిలిన అయిదుగురు ఆ కోతను, అతని లాభమును కూడ కలిపి భరింపవలెను. ఆ అయిదుగురిలో ఒకడు ఆరుట్ల బస్సులోని పిల్లవాడై యుండును.

కోత ఎంతయో తెరపై ఎచటనో చిన్న అక్షరములలో వ్రాసియుండవచ్చును. ఎదుట కూర్చున్నవాడెవడో తెలియకుండుట అంతకంటె పెద్ద సంగతి. పేకలను యంత్రము కలుపును. ఆ కలుపుటలో పక్షపాతము లేదని పరీక్షాశాలల నుండి ధ్రువపత్రములు తెచ్చి సంస్థలు తమ పేజీలలో అంటించుచుండెను. ఆ పత్రమునకు రుసుము చెల్లించునది కూడ ఆ సంస్థయే. అది అబద్ధమని చెప్పుటకు వీలులేదు. కాని ఆ పత్రము చెప్పునది పేకలు కలిసిన విధమును గురించి మాత్రమే. బల్ల వద్ద కూర్చున్న అయిదుగురు నిజముగా మనుషులేనా, వారిలో ముగ్గురు ఒకే గదిలో కూర్చుండి ఒకరి ముక్కలు ఒకరికి చెప్పుకొనుచున్నారా యన్నది అది చెప్పదు. 2025 నవంబరులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఒక పెద్ద సంస్థపై చేసిన ఆరోపణ ఇట్టిదే. ఆటగాళ్లకు తెలుపకుండ, మనుషులకు బదులుగా కంప్యూటరు ప్రోగ్రాములను ఎదుట కూర్చుండబెట్టి డబ్బుకు ఆడించిరని ఆ శాఖవారు చెప్పిరి. అది నిలుచునో వీగునో తేల్చవలసినది న్యాయస్థానము. అయితే అట్టి ఆరోపణ పుట్టుటకు అవకాశమున్నదనుటయే గమనింపదగిన విషయము. చెట్టు క్రింద పేకాటలో “నీవు మనిషివేనా” యని ఎవరును అడుగవలసిన అవసరము పడలేదు.

సొమ్ము లోపలికి పోవు త్రోవ, వెలుపలికి వచ్చు త్రోవ ఒకటి కావు. జమ చేయుటకు వ్రేలితో రెండు తాకుడులు చాలును. వాపసు కోరినచో గుర్తింపుకార్డు, పాన్ కార్డు, ఖాతా సరిచూపు, కనీసపు మొత్తము, ఇన్ని దినముల గడువు అని అడ్డములు వచ్చుట కలదు. ఇంక బోనసు సంగతి. జమ చేసినవానికి “ఇంత బోనసు” అని తెరపై పెద్ద అంకె కనబడును. అది ఆడుటకే గాని తీసికొనుటకు కాదు. తన సొమ్మును, బోనసును కలిపి చూచుకొన్నవాడు తన వద్ద ఎంతయున్నదో ఎన్నటికిని ఎరుగడు. పన్ను లెక్కయు ఇట్లే మరుగుపడెను. 2023 అక్టోబరు 1 నుండి జమ చేసిన మొత్తముపై 28 శాతము జీఎస్టీ విధింపబడెను. పన్ను అందులోనే కలిసియున్నదనుకొన్నచో, నూరు రూపాయలలో 21 రూపాయల 88 పైసలు ఆట మొదలు కాకమునుపే పన్నుగా పోవును. అనేక సంస్థలు ఆ పన్నుకు సరిపడు మొత్తమును బోనసుగా చూపి, ఆటగానికి ఏమియు తగ్గనట్లు కనబరచెను. అదే సంవత్సరము ఏప్రిల్ 1 నుండి నికరముగా గెలిచినదానిలో 30 శాతము మూలములోనే పన్నుగా మినహాయించు నియమము కూడ వచ్చెను.

లెక్క చూపుట యనగా ఏమిటో శరణుల చరిత్రలో చక్కని దృష్టాంతము కలదు. పండ్రెండవ శతాబ్దిలో కళ్యాణ పట్టణమున బిజ్జలుని భాండాగారము బసవేశ్వరుని చేతిలో నుండెను. ప్రభువు ధనమునంతయు జంగములకు దోచిపెట్టుచున్నాడని గిట్టనివారు రాజు చెవిలో వేసిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో ఈ ఘట్టము వచ్చును. బసవన కోపగింపలేదు, “నన్ను నమ్ముడు” అనియు అనలేదు. పెట్టెలు తెరపించి ఎదుటనే లెక్కింపచేసెను. ఒక్క మాడ తక్కువ కాలేదు. భక్తులు ఇందు మహిమను చూతురు. అది వారి విశ్వాసము. ఈ పాఠమునకు కావలసినది దానికి ముందున్న చేష్ట: పరుల సొమ్మును చేత నుంచుకొన్నవాడు, అడిగిన తక్షణము, అడిగినవాని కంటి ముందు పెట్టె తెరచెను. భండారి తన లెక్కను తానే ధ్రువపరచుకొనలేదు, ఎదుటివారి చేత లెక్కపెట్టించెను.

ఈ విధమైన పెట్టె తెరచుట కొరకే 2023 ఏప్రిల్ 6న కేంద్రప్రభుత్వము సమాచార సాంకేతిక నియమములను సవరించెను. డబ్బుతో ఆడించు సంస్థ తన కోత ఎంతయో, గెలుపును నిర్ణయించి పంచు విధమేమిటో, జమ సొమ్ము వాపసు నియమములేమో ఆడువానికి తెలుపవలెనని అందు వ్రాసిరి. ఆటలను పరిశీలించి అనుమతించుటకు స్వయం నియంత్రణ మండలులు ఏర్పడవలెనని కూడ వ్రాసిరి. నియమము కాగితముపై బాగుగనే యున్నది. ఆ మండలులను ప్రభుత్వము గుర్తింపనే లేదు. పెట్టె తెరచువాడు లేక పెట్టె అట్లే యుండిపోయెను.

ప్రకటనల విషయములో మరియొక కట్టుబాటు 2020 డిసెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. ప్రకటనల ప్రమాణముల మండలి చేసిన ఆ కట్టుబాటు ప్రకారము, డబ్బు ఆటలను సంపాదన మార్గముగా గాని, ఉద్యోగమునకు బదులుగా గాని చూపరాదు. ఆర్థిక నష్టమున్నదనియు, వ్యసనము కావచ్చుననియు హెచ్చరిక వేయవలెను. వ్యాపారులు తమకు తాము విధించుకొన్న ఈ మాటలో కాయకమునకు సంబంధించిన సత్యమున్నది. ఆయ్దక్కి మారయ్య నిత్యము ఏరుకొని వచ్చు బియ్యము కంటె ఒకనాడు ఎక్కువ తేగా, అది తమది కాదని తిరిగి అచ్చటనే పోసి రమ్మన్న లక్కమ్మ కథ శరణుల ఇండ్లలో పిల్లలకు చెప్పుదురు. ఆ ఇల్లాలు దొంగసొత్తును తిరస్కరింపలేదు, ఎవరును కాదనని బియ్యమునే తిరస్కరించెను. పనికి మించినది ఇంటికి వచ్చినప్పుడు ఎచ్చటి నుండి వచ్చినదని ఆమె అడిగెను. పందెములో గెలిచి వచ్చిన కుమారుని ఆ ప్రశ్న అడుగు ఇండ్లు ఎన్ని? ఓడివచ్చినప్పుడే తగవు పుట్టును. గెలిచివచ్చిననాడు మిఠాయి పంచుకొందురు. ఆ మిఠాయి మరియొక ఇంటి పాల డబ్బని ఎవరికిని తోచదు.

తెలంగాణ ప్రభుత్వము 2017లో ఆర్డినెన్సు ద్వారా, తరువాత చట్టసవరణ ద్వారా, 1974 నాటి జూద చట్టమును సవరించి, నేర్పు ఆటయైనను సరే, ఆన్‌లైన్‌లో పందెము కాచుటను నిషేధించెను. రమ్మీ సంస్థలు ఈ రాష్ట్రమున ఆటను నిలిపివేసెను. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే త్రోవ పట్టెను. వ్యసనపడినవారు కొందరు ఫోనులో తమ స్థానమును మార్చి చూపు ఉపాయములు వెదకుకొనిరి. అంతకంటె చెడ్డది, లెక్క అడుగుటకు చిరునామా సైతము లేని ఆటలు చాటుమార్గమున ప్రవేశించినవి.

2020 ఆగస్టులో హైదరాబాదు పోలీసులు పట్టిన రంగుల ఆట అట్టిది. ఒక చైనా దేశీయుడును, కొందరు భారతీయులును అరెస్టయిరి. ఆ ఖాతాలలో సుమారు 1,100 కోట్ల రూపాయల లావాదేవీలు జరిగినట్లు పోలీసులు తెలిపిరి. టెలిగ్రామ్ గుంపుల ద్వారా, తెలిసినవారు తెలిసినవారిని చేర్చు పద్ధతిని అది వ్యాపించెను. ఆట చూచుటకు పసిపిల్లల ఆట: ఏ రంగు వచ్చునో చెప్పి డబ్బు పెట్టుట, సరియైనచో రెట్టింపు పొందుట. ఇందు నేర్పను మాటయే లేదు. ఇట్టి ఆటలలోని కీలకమును తెలిసికొనవలెను. ఎరుపుపై 10,000, ఆకుపచ్చపై 4,000 పడినవనుకొనుడు. ఎరుపు వచ్చెనా, ఆడించువాడు 20,000 ఇయ్యవలెను. చేతినుండి 6,000 పోవును. ఆకుపచ్చ వచ్చెనా, 8,000 ఇచ్చి 6,000 మిగుల్చుకొనును. ఫలితము తేల్చు యంత్రము ఆడించువాని చేతిలోనే యున్నది; ఏ రంగుపై ఎంత పడినదో ఫలితమునకు ముందుగనే వానికి తెలియును. బయటివాడెవడును ఆ యంత్రమును చూడలేదు, చూడలేడు. క్రొత్తవానికి మొదట రెండుమూడుసార్లు చిన్న మొత్తములు గెలిపించుట వానికి కష్టమైన పని కాదు.

2025 మార్చిలో బెట్టింగు యాప్‌లకు ప్రచారము చేసిన సినీ ప్రముఖులపైనను, సామాజిక మాధ్యమములలో పేరొందినవారిపైనను హైదరాబాదులో కేసులు నమోదయ్యెను. ఈ యాప్‌ల వ్యవహారమునకై ప్రత్యేక దర్యాప్తు బృందమును వేయుదుమని ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించెను. ఆ సంవత్సరమే ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదింపగా, 22న రాష్ట్రపతి సమ్మతి పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము దేశమంతటను డబ్బు ఆటలను నిషేధించినది. నేర్పా, అదృష్టమా యను విచక్షణను ఆ చట్టము ప్రక్కన బెట్టెను. ఆడించువారికి మూడేండ్ల వరకు జైలు గాని, కోటి రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని. ప్రకటించువారికి రెండేండ్లు, ఏబది లక్షల వరకు. ఆడినవానికి శిక్ష లేదు. చట్టము వానిని బాధితునిగా చూచినది. ఏటా 45 కోట్ల మంది సుమారు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకొనుచున్నారని ప్రభుత్వపు అంచనా. పెద్ద సంస్థలు ఆ వెంటనే డబ్బు ఆటలను ఆపివేసెను; కొన్ని సంస్థలు చట్టమును న్యాయస్థానములలో సవాలు చేసెను.

నిషేధము మంచిదా, కఠిన నియంత్రణ మంచిదా యను వాదము పండితులలో నున్నది. పేరు, కార్యాలయము, పన్ను లెక్క గల సంస్థ మూతపడినచో, ఏదియు లేని విదేశీ యాప్‌లకు ఆటగాళ్లు తరలుదురని ఒక పక్షము. ఆ భయము నిరాధారము కాదు. కాని పేరున్న సంస్థలు ఇన్నేండ్లలో పెట్టె తెరచి చూపియుండినచో ఆ వాదమునకు ఇంకను బలముండెడిది.

కుటుంబములో ఈ సంగతి బయటపడినప్పుడు తండ్రి కేకలు, తల్లి కన్నీరు మొదట వచ్చును. పిల్లవాడు సిగ్గుతో ఫోనులోని యాప్‌ను తుడిచివేయును. తుడిచినంతమాత్రమున సొమ్ము రాదు, సాక్ష్యము మాత్రము పోవును. అందువలన మొదట చేయవలసినది, కోపము దిగమ్రింగి, బ్యాంకు నుండి ఆరునెలల ఖాతా పట్టికను తెప్పించుకొని, నోటుపుస్తకములో రెండు గీతలు గీసి, ఒక వైపు పోయినది, మరియొక వైపు వచ్చినది వ్రాసికొనుట. యాప్ తెరపై “మీరు ఇంత గెలిచితిరి” యని యుండును గాని, “మీరు ఇంత పెట్టితిరి” యని దాని ప్రక్కన ఉండదు. ఆ రెండు అంకెలు ఒక కాగితముపై చేరిననాడు పిల్లవాడు తానే నోరు విప్పును. అప్పుచేసి పెట్టినవి, స్నేహితుని ఖాతా నుండి పంపినవి కూడ ఆ పట్టిక ప్రక్కన వాని చేతనే వ్రాయింపవలెను.

ఆ పట్టికలో ఒక సంగతి కనబడవచ్చును. ఆట ఒకటే, డబ్బు చేరిన పేర్లు మాత్రము రోజుకొకటి: నేడు ఎవరో ఊరుతెలియని వ్యక్తి, రేపు ఏదో కిరాణా దుకాణము. అవి అద్దెకు తెచ్చిన ఖాతాలు. దొంగ ఆటకు అంతకంటె స్పష్టమైన గురుతు వేరొకటి అక్కరలేదు. అట్టివి కనబడినచో జాతీయ సైబరు నేర సహాయసంఖ్య 1930కు ఫోను చేయవలెను. ప్రతి యూపీఐ చెల్లింపు ప్రక్కన పండ్రెండు అంకెల లావాదేవీ సంఖ్య ఉండును. అది, తేదీ, వేళ, మొత్తము చేతిలో నుంచుకొని మాట్లాడవలెను. మొదటి కొన్ని గంటలలో ఫిర్యాదు చేరినచో, సొమ్ము ఆ అద్దె ఖాతా దాటిపోకముందే బ్యాంకువారు నిలిపివేయుటకు వీలుండును. ఆలస్యమైనకొలది అది ఖాతా నుండి ఖాతాకు మారిపోవుచుండును.